మరుగుదొడ్డి పక్క లాకరు

ఒహాయో నది ఒడ్డున ఎన్నో జట్లు పుట్టాయి, ఎన్నో చచ్చాయి. కానీ ఒక జట్టులోంచి ఆటగాణ్ణి వేళ్ళతో సహా పెరికి ఇంకో జట్టులో నాటిన మొనగాణ్ణి నేనొక్కణ్ణే. ఏజెంట్లు, వకీళ్ళు, జనరల్ మేనేజర్లు నెలల తరబడి చేసే పని, నది మధ్యలో పడవలో కూర్చుని, చేతిలో గాలం పట్టుకుని, ఒక్క మాటతో చేశాను. కింబర్ ఊళ్ళో ఏ క్షౌరశాలలో అడిగినా ఈ సంగతి చెబుతారు. ఎందుకంటే అన్ని క్షౌరశాలల్లోనూ నేనే చెప్పాను.

నా పేరు ఎమ్మెట్ ప్రుషాక్. నదికి ఎగువన ఒకే గది ఉన్న బళ్ళో చదువుకున్నాను. ఆ గదితో నా చదువు అయిపోయింది, ఇంకో గది లేదు కనక. తర్వాత నా బతుకంతా కింబర్ స్టోకర్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి సామాన్ల గది చూడటంలో గడిచింది. హెల్మెట్లు, భుజాల మెత్తలు, బూట్లు, ఉతికిన బనియన్లు, ఉతికినా వాసన పోని బనియన్లు, అన్నీ నా చేతి మీదుగానే పోయేవి. మనుషుల సంగతి మాత్రం వాళ్ళ బనియన్ల వల్ల కాదు, లాకర్ల వల్ల తెలిసింది.

ఎవడి విలువ ఎంతో తెలుసుకోవాలంటే వాడి ఆట చూడక్కర్లేదు, వాడి లాకరు ఎక్కడుందో చూస్తే చాలు. ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ డెవిన్ మార్ష్‌కి వేడిగాలి వచ్చే గొట్టం కింద రెండు లాకర్లు. ఒకటి బట్టలకి, ఒకటి అద్దానికి. అతని పక్కన లెఫ్ట్ టాకిల్. కుడిచేత్తో బంతి విసిరేవాడికి ఎడమ పక్క నుంచి వచ్చి పడే ఏనుగు కనపడదు కాబట్టి, ఆ పక్క అడ్డం నిలబడేవాడికి రాజభోగం. అదే పని కుడి పక్క చేసేవాడికి సగం భోగం. వాళ్ళిద్దరికీ నడుమ నిలబడి రోజంతా గుద్దులు తినే గార్డులకి తలుపు దగ్గర లాకర్లు, చలిగాలి ఉచితం. ఎదుటి జట్టు క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టే దాడివాళ్ళకి స్నానాల గది పక్కన మంచి చోటు. బంతి చంకన పెట్టుకుని పరుగెత్తేవాడు మా నాన్న కాలంలో దేవుడు. ఇప్పుడు వాణ్ణి చాకలి బుట్టల పక్కన కూర్చోబెట్టి, మోకాళ్ళు అరిగేదాకా వాడుకుని, ఆ బుట్టల్తోనే బయటికి పంపుతారు.

బంతిని కాలితో తన్నేవాణ్ణి చేతుల్తో ఆడే మా ఫుట్‌బాల్‌లో సగం మనిషి కింద లెక్కేస్తారు. ఆ సగం మనిషికి బంతి అందించేవాడు ఇంకొకడుంటాడు. మైదానం మధ్యలో వంగి, లోకాన్ని తలకిందులుగా చూస్తూ, కాళ్ళ సందులోంచి బంతిని వెనక దూరాన ఉన్నవాడి చేతుల్లోకి విసరాలి. విసిరిన మరుక్షణం ఇద్దరు దున్నపోతులు వచ్చి వాడి తల మీద పడతారు. పని అంతే. వాడికి లాకరు మరుగుదొడ్డి పక్కన.

మా జట్టులో ఆ వంగేవాడి పేరు లొన్నీ వోయిట్. పాపం పుణ్యం ఎరగని అమాయకుడేమీ కాదు. నోరు పెద్దది, నడుం అంతకన్నా పెద్దది. నా గదిలోంచి కొత్త మేజోళ్ళు దొంగిలించేవాడు, అడిగితే తన కాళ్ళకి అవే పుట్టుకతో వచ్చాయనేవాడు. తను వంగితే అవతలి ఒడ్డున కెంటకీలో సూర్యగ్రహణం పడుతుందని గొప్పలు చెప్పుకునేవాడు. అది కొంతవరకూ నిజం.

జట్టు పగ్గాలు అప్పట్లో ప్రెస్టన్ హాల్డేన్ అనే జనరల్ మేనేజర్ చేతిలో ఉండేవి. అంతకుముందు షేర్ల ఆఫీసులో పనిచేశాడట. షేర్లు తిరిగి మాట్లాడవు కనక అక్కడ బాగానే ఉండేదేమో. మా దొరగారు మనుషుల్ని చూడడు, స్థానాల్ని చూస్తాడు. ఏ స్థానం అరుదు, ఏ స్థానం సంతలో కుప్పలు పోసి ఉంటుంది, ఎవణ్ణి పెంచుకోవాలి, ఎవణ్ణి అప్పటికప్పుడు కొనుక్కోవచ్చు అని ఆయన మాట్లాడుతుంటే, కోడిగుడ్ల దుకాణంలో నిలబడినట్టుండేది. ఆ తెలివిలో కొంత నిజముంది, కాదనను. ఎడమ పక్క కాపలావాడు దొరకడం కష్టమే. కానీ కోడిగుడ్డు ధర తెలిసినవాడికి కోడి తెలిసినట్టేనా? ఒకరోజు నా గదికొచ్చి హెల్మెట్ చేతిలోకి తీసుకుని, దీనికి ముందు వైపేది అని అడిగాడు. నమ్మరా? నమ్మకండి.

ఆయనకి ఇంకో అలవాటుంది. ఎవరితోనూ చెయ్యి కలపడు. క్రిములట. జేబులో చిన్న సీసా ఉండేది, తలుపు ముట్టుకున్నా అందులోంచి ఒక చుక్క వేసి రుద్దుకునేవాడు. చెయ్యి కలపాల్సిన పని పడితే ఆర్విల్ టెంచ్‌ని పంపేవాడు. ఈ ఆర్విల్ కొత్త ఆటగాళ్ళని వెతికిపెట్టే ముసలి స్కౌటు. తల నల్లగా ఉన్నప్పుడు మా జట్టులో చేరాడు. పేరు తెలియని ఊళ్ళల్లో వానలో నిలబడి కుర్రాళ్ళ చీలమండలు చూసి, వీడు నిలుస్తాడు, వీడు నిలవడు అని చెప్పేవాడు.

ఇప్పుడు అసలు సంగతి. ఆగస్టు చివర కోత రోజు వస్తుంది. సాయంత్రం నాలుగింటికల్లా జట్టుని యాభై ముగ్గురికి తగ్గించాలి. దెబ్బ తగిలినవాళ్ళని పక్కకి పెట్టి వాళ్ళ చోటు ఇంకొకళ్ళకి ఇవ్వొచ్చు, కానీ అది మర్నాడు మాత్రమే కుదురుతుంది. అంటే ఒక్క రాత్రి ఒక చోటు తక్కువ పడుతుంది. అందుకని ప్రతి జట్టూ ఒక నాటకం ఆడుతుంది. ఎవరూ ఎగరేసుకుపోని ఒక పాతకాపుని పిలిచి, చెయ్యి కలిపి, ఈ రాత్రికి నిన్ను తీసేస్తున్నాం, రేపు వెనక్కి తెచ్చుకుంటాం అని చెబుతారు. రాతకోతలుండవు. ఆ రాత్రి అతను ఎవరి మనిషీ కాదు, ఎక్కడికైనా పోవచ్చు, ఆపడానికి చట్టం లేదు. అయినా ఎవరూ పోరు. చెయ్యి కలిపాక పోకూడదు, అది మా వాళ్ళ కట్టుబాటు. మిగతావాళ్ళ లాకర్లు నేను నల్ల చెత్త సంచుల్లోకి ఖాళీ చేస్తాను. చెయ్యి కలిపినవాడి లాకరు మాత్రం ముట్టుకోను. పైన పేరు కూడా అలాగే ఉంటుంది.

ఆ పాతకాపు మా దగ్గర ఏటా లొన్నీయే.

లొన్నీకి ఆ రాత్రి బాధ కాదు, రేడియో బాధ. నాలుగు దాటగానే కింబర్ రేడియోలో తీసేసినవాళ్ళ పేర్లు చదువుతారు. చివర్లో లొన్నీ వోయిట్. అది ఉత్తుత్తి కోత అని రేడియోవాడు చెప్పడు, వాడికేం తెలుసు. ఆ సాయంత్రం డోరిస్ హోటలుకి వెళితే ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ అతని ముందు చెర్రీ పళ్ళు కూరి కాల్చిన తీపి 'పై' ముక్క పెడుతుంది, డబ్బు తీసుకోదు. పక్క బల్లవాళ్ళు భుజం తడతారు. మర్నాడు వెనక్కి వచ్చాడని పేపర్లో ఎక్కడో చీమ తలంత అక్షరాల్లో వేస్తారు, దాన్నెవరూ చదవరు. "తాతా, మూడేళ్ళుగా చావు తిండి తింటున్నాను, నేనింకా చావలేదు," అన్నాడు నాతో. పై అంటే వాడికి ప్రాణం. అయినా ఆ ముక్క గొంతు దిగేది కాదట. ఒక్క ఏడాది, ఒకే ఒక్క ఏడాది, తన పేరు కొట్టెయ్యకుండా ఉంచితే చాలని వాడి కోరిక.

నేను చెబుతున్న ఈ ఏడాది ఆ మాట అడిగేశాడు. ఆర్విల్ చెయ్యి కలపడానికి లాకరు దగ్గరికి వచ్చాడు. హాల్డేన్ దొరగారు వెనకాల తలుపుకి తగలకుండా నిలబడ్డాడు. నేను సంచులు విప్పుతూ అక్కడే ఉన్నాను.

"ఒక్క రాత్రే లొన్నీ," అన్నాడు ఆర్విల్, నేల చూస్తూ.

"ఆ రాత్రి ఈసారి ఇంకెవరికైనా ఇవ్వండి ఆర్విల్ గారూ. బూన్‌కి ఇవ్వండి."

కైలర్ బూన్ అంటే దాడివాళ్ళలో మూడో వరస కుర్రాడు. తన బూటు తాడు తానే తొక్కుకుని పడేవాడు. ఒకసారి ఎవరూ లేనిచోట ఎవరినో ఢీకొన్నాడు. కానీ వాడి స్థానం ఖరీదైన స్థానం.

జవాబు దొరగారి నుంచి వచ్చింది, ఫోను మీంచి కళ్ళెత్తకుండా. "బూన్‌ని బయటపెడితే తెల్లారేసరికి ఎవరో ఒకరు పట్టుకుపోతారు. నిన్నెవరూ పట్టుకుపోరు. దాన్ని పొగడ్త అనుకో."

"ఈ పొగడ్త ఇంటికి తీసుకెళ్ళనా సార్, లాకర్లో పెట్టనా?"

దొరగారికి వినపడలేదు. లేదా విలువ లేని చోటు నుంచి వచ్చే మాట ఆయన చెవికి ఎక్కదు. ఆర్విల్ చెయ్యి చాపాడు. లొన్నీ చాలాసేపు ఆ చేతికేసి చూశాడు.

"రేపు నన్ను వెనక్కి తెచ్చేదెవరు? మీరా, ఆయనా?"

"నేనే తెస్తాను. చెయ్యి నాది కదా."

లొన్నీ చెయ్యి కలిపాడు. దొరగారు, చెయ్యి కలిపింది తను కాకపోయినా, సీసా తీసి రుద్దుకున్నాడు.

రేడియోలో పేరు వచ్చింది. డోరిస్ పై ముక్క పెట్టింది. ఈసారి లొన్నీ ముట్టుకోకుండా లేచి వచ్చేశాడని తర్వాత తెలిసింది.

పేర్లు చదవడం అయిన కాసేపటికి ఆర్విల్ నా గదికొచ్చాడు. మొహం ఉతికిన గుడ్డలా ఉంది. అట్టపెట్టె ఉందా అని అడిగాడు. ఎందుకన్నాను. దొరగారు కత్తి ఎలాగూ బయటికి తీశాం కదా అని పై అంతస్తు ఆఫీసులో కూడా కోత పెట్టాడట. కుర్రాళ్ళ చీలమండలు చూడటానికి వానలో మనిషి నిలబడక్కర్లేదు, వీడియోలో కనిపిస్తాయి, స్కౌటు అనేది సంతలో కుప్పలు పోసి దొరికే స్థానం అన్నాడట. పెట్టె లేదు. నల్ల సంచీ ఇచ్చాను. తన కాఫీ కప్పు, తడి గొడుగు, రెండు జతల బూట్లు అందులో వేసుకుని, భుజానేసుకుని, చెత్త పారేసేవాడిలా వెళ్ళిపోయాడు.

మర్నాడు తెల్లవారేసరికి నేనూ లొన్నీ నదిలో ఉన్నాం. కోత మర్నాడు మేమిద్దరం చేపలకి వెళ్ళడం అలవాటు. మధ్యాహ్నానికి జట్టు నుంచి పిలుపు వస్తుంది, అప్పటిదాకా వాడు నిరుద్యోగి, నేను ఎప్పుడూ సోమరి. వాడికి ఆర్విల్ సంగతి చెప్పాను. సాసేజ్ రొట్టె నములుతూ కూర్చున్నాడు.

అప్పుడు నా గాలానికి చేప తగిలింది. చేప అంటే చేప కాదు. మీసాల చేప, ఒక్కో మీసం పడవ తాడంత. అది తిరిగితే నది జానెడు కిందికి దిగింది. పడవని పట్టుకుని ప్రవాహానికి ఎదురు, ఉత్తరంగా లాగడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే లొన్నీ ఫోను మోగింది. ఆర్విల్.

ముసలాయన క్షమించమని అడగడానికి చేశాడు. నీకిచ్చిన మాట నేను నిలబెట్టలేను, వెనక్కి తెచ్చే అధికారం ఇప్పుడు నాకు లేదు, రాత్రే లేక్‌పోర్ట్ గల్స్ జట్టువాళ్ళు నన్ను పనిలో పెట్టుకున్నారు అన్నాడు. ఫోను స్పీకర్‌లో పెట్టుకున్నాం కనక నాకూ వినపడుతోంది.

"లేక్‌పోర్ట్‌లో వంగేవాడున్నాడా?" అని అడిగాడు లొన్నీ.

"ఉన్నవాడికి మొన్న మణికట్టు విరిగింది," అన్నాడు ఆర్విల్. "కానీ నేను నిన్ను అడగనురా. నువ్వు చెయ్యి కలిపినవాడివి."

"ఎవరితో కలిపాను?"

"నాతో."

"వెనక్కి తెస్తానన్నది ఎవరు?"

"నేనే."

"మరి తెచ్చుకోండి. మీరెక్కడుంటే అక్కడికి."

అవతల ఆర్విల్ నవ్వాడో ఏడ్చాడో తెలియలేదు, ఆ రెండూ ఆ ముసలాడికి ఒకేలా ఉంటాయి. లొన్నీ ఒక్క షరతు పెట్టాడు. జీతం గురించి కాదు. ఏ ఆగస్టులోనూ ఉత్తుత్తికైనా తన పేరు కొట్టెయ్యకూడదు, రేడియోలో రాకూడదు. సరేనన్నాడు ఆర్విల్.

ఇక్కడ నేను మొదట్లో చెప్పిన ఒక్క మాట సంగతి. వాణ్ణి లేక్‌పోర్ట్ పంపింది నా మాటే అన్నాను కదా. ఆ సమయంలో నేను నిజంగానే ఒక్క మాట అన్నాను. "ఆ వల ఇటివ్వరా!" అన్నాను. వాడు ఇవ్వలేదు. చేప గాలం తెంపుకుని పోయింది. వాడు జట్టు మారిన సంగతి నాకు ఒడ్డుకి చేరాక గానీ బుర్రకెక్కలేదు. ఎక్కాక, వెళ్ళకురా వెధవా, నాకు చేపల జత ఎవడు అని బతిమాలాను కూడా. అలా ఊడబెరికాను నేను ఆటగాణ్ణి. ఈ ముక్క మాత్రం క్షౌరశాలల్లో చెప్పలేదు.

మధ్యాహ్నం దాటాక దొరగారు స్వయంగా నా గదికి దిగివచ్చాడు. లొన్నీ లాకరు తెరిచి చూశాడు. సామాను అలాగే ఉంది, నా మేజోళ్ళతో సహా.

"సామాను ఇక్కడుంటే మనిషి అక్కడికెలా పోతాడు పెద్దాయనా? చెయ్యి కలిపాడుగా."

"మీతో కలపలేదు కదా సార్."

"జట్టుతో కలిపినట్టే."

"జట్టు చెయ్యి నిన్న నల్ల సంచీ భుజానేసుకుని వెళ్ళిపోయింది సార్. సంచీ నేనే ఇచ్చాను."

దొరగారు కాసేపు ఆలోచించాడు. ఆయన ఆలోచిస్తే మొహంలో ఏమీ కదలదు, సంతలో గుడ్లబుట్టలా నిశ్చలంగా ఉంటుంది. చివరికి, పోతే పోనీ, వంగడం ఎవడికి రాదు అన్నాడు. ఖాళీగా ఉన్న ఒక గార్డుని పిలిచి వంగమన్నాడు. ఆ కుర్రాడు వంగాడు. చూశావా అన్నాడు నాతో.

సెప్టెంబరు మొదటి ఆదివారం మా ఊళ్ళోనే మొదటి ఆట, అదీ లేక్‌పోర్ట్‌తో. దాని గురించి నీతికథ చెబుతానని మీరు ఎదురుచూస్తుంటారు. ఏమీ లేదు. మార్ష్ గారు అద్దంలో చూసుకున్నంత శ్రద్ధగా బంతిని రెండుసార్లు ఎదుటివాళ్ళ చేతుల్లోకి విసిరాడు. స్టేడియం అంతా, పాపం ఇవాళ చెయ్యి బాగున్నట్టు లేదు అనుకుంది. కైలర్ బూన్ మైదానంలోకి వెళ్ళనేలేదు. ఖరీదైన వస్తువు కదా, బీరువాలో ఉంది. మా గార్డు కుర్రాడు ఒకసారి బంతిని తన్నేవాడి తల మీదుగా ఆకాశంలోకి విసిరాడు. ఆ తన్నేవాడు కోడి వెనక పడ్డ పిల్లాడిలా దాని వెనక పరుగెత్తాడు. అరవై వేలమంది ఎవణ్ణి తిట్టారు? విసిరినవాణ్ణి కాదు, పరుగెత్తినవాణ్ణి. సోమవారం దొరగారు తన్నేవాణ్ణి తీసేశారు. తన్నేవాడి స్థానం విలువ మళ్ళీ అంచనా వేయాలని రేడియోలో సెలవిచ్చారు.

ఆట చివర్లో రెండు జట్ల లెక్కా సమంగా ఉండగా లేక్‌పోర్ట్‌వాళ్ళు గెలుపు తన్ను తన్నడానికి నిలబడ్డారు. లొన్నీ వంగాడు. కెంటకీ వైపు చూశాను, గ్రహణం పడలేదు. బంతి వెళ్ళాల్సిన చోటికి వెళ్ళింది, ఎవరూ దాన్ని చూడలేదు. తన్ను పడింది. లేక్‌పోర్ట్‌వాళ్ళు తమ తన్నేవాణ్ణి భుజాలకెత్తుకున్నారు. లొన్నీ ఇంకా నేల మీదే ఉన్నాడు, మీద ఇద్దరు దున్నపోతులు. లేచేసరికి హెల్మెట్ చువ్వల నిండా గడ్డి. ఊరేగింపు అప్పటికే దాటిపోయింది.

ఆ సాయంత్రం తన సామాను కోసం నా గదికొచ్చాడు. సంచీలో వెయ్యలేదు నేను, మా ఆవిడ పాత సూట్‌కేసు తెచ్చి అందులో సర్దాను. పేరు పలక కూడా ఊడదీసి ఇచ్చాను. ఒక చేతిలో సూట్‌కేసు, ఒక చేతిలో హెల్మెట్, పలక చంకలో పెట్టుకుని వాడు మరుగుదొడ్డి వైపు నుంచి నడవాలోకి వచ్చాడు. ఎదురుగా దొరగారు. దొరగారు ఆగి, ఆ ఒక్కసారీ జేబులోంచి సీసా కాకుండా చెయ్యే తీసి ముందుకి చాపాడు. లొన్నీ ఆ చేతికేసి చూసి, "నా చేతులు ఖాళీ లేవు సార్," అని పక్కనుంచి వెళ్ళిపోయాడు.

అక్కణ్ణించి డోరిస్ హోటలుకి వెళ్ళాం. ఆవిడ లొన్నీని చూసి, సిగ్గులేదురా మన ఊరిని ఓడించడానికి అని తిట్టి, పై ముక్క ఠక్కుమని బల్ల మీద కొట్టి, డబ్బు ముందే అడిగింది. లొన్నీ రెండు ముక్కలు తిన్నాడు. అంత తీపి పై ఆ హోటల్లో ఎన్నడూ చెయ్యలేదన్నాడు. లేక్‌పోర్ట్‌లో రిటైరయ్యేదాకా ఆడాడు. ఏ ఆగస్టులోనూ రేడియోలో వాడి పేరు రాలేదు. రాలేదని తేల్చుకోడానికి నేను ఏటా రేడియో పెట్టుకునేవాణ్ణి.

చేప అంత పెద్దదా అని మీరు అడుగుతారని తెలుసు. అంతే పెద్దది, నది దిగిన గుర్తు రాతి మీద ఇంకా ఉంది, వచ్చి చూసుకోండి. ఇందులో నేను కల్పించింది ఒక్కటే. దొరగారు చెయ్యి చాపలేదు. ఫోను చూసుకుంటూ వచ్చి, లొన్నీని సామాన్లు మోసేవాడనుకుని, త్వరగా తీసేయండి, నడవాలో అడ్డం ఉండకూడదు అని చెప్పి వెళ్ళిపోయాడు. చేతులు ఖాళీ లేవన్న ఆ మాట లొన్నీ బండి ఎక్కాక నాతో అన్నాడు, ఒకవేళ దొరగారు చెయ్యి చాపి ఉంటే ఇదే అనేవాణ్ణని. కథలోనైనా దొరగారు కాస్త మనిషిలా కనబడతారని ఆ చెయ్యి నేనే తగిలించాను.